పేకాట పోటీల పండుగ: నైపుణ్యమెంత, నష్టమెంత?

గంజాం జిల్లా పురుషోత్తంపూర్‌కు దాపున, ఋషికుల్య నది పరిసరాలలో జౌగడ శిల ఉన్నది. క్రీస్తుపూర్వం మూడవ శతాబ్దంలో అశోక చక్రవర్తి తన ధర్మశాసనాలను ఆ బండపై చెక్కించాడు. ఆ కొండను శాసనంలో ఖేపింగల పర్వతమని పేర్కొన్నారు. అందులోని మొదటి శాసనం జీవహింసను నిషేధించడంతోపాటు ‘సమాజాల’ను కూడా ప్రస్తావిస్తుంది. విందు, వినోదం, పోటీల కోసం జనం గుమిగూడే ఉత్సవాలను ఆ కాలంలో సమాజాలనేవారు. అట్టి సమాజాలలో రాజు అనేక దోషాలను చూస్తున్నాడని, అయినప్పటికీ కొన్ని సమాజాలు ఆయన దృష్టిలో మంచివేనని ఆ శాసనం తాత్పర్యం. ఏవి మంచివి, ఏవి కావు అన్న వివరం మాత్రం ఆ రాతిమీద లేదు. ఆ విచక్షణ చదివేవారికే విడిచిపెట్టినట్లున్నది.

ఇరవైరెండు శతాబ్దాలు గడిచిన తరువాత అదే ప్రశ్న సరిహద్దు గ్రామాల గడపలలోకి మరొక రూపంలో వచ్చింది. పోకర్ అనే పేకాటకు చాంపియన్‌షిప్‌లు జరుగుతున్నాయి. వాటిని పది రోజుల పండుగలవలె నిర్వహిస్తున్నారు. వృత్తి ఆటగాళ్లతోపాటు గుమాస్తాలు, విద్యార్థులు, చిన్న వ్యాపారులు కూడా ప్రవేశ రుసుము చెల్లించి అందులో పోటీపడుతున్నారు. ఇది జూదం కాదు, చదరంగం వంటి మేధోక్రీడ అని నిర్వాహకులు చెబుతారు. ఎన్ని పేర్లు పెట్టినా పేకాట పేకాటే అని ఇంటి పెద్దలు అంటారు. ఈ రెండు మాటలలోనూ కొంత నిజం ఉన్నది. ఏ మాటలో ఎంత నిజమున్నదో తేల్చుకోవాలంటే ఆ ఆట నడిచే తీరు, సొమ్ము ప్రవహించే దారి, సరిహద్దుకు ఇరువైపులా ఉన్న చట్టం మూడింటినీ వరుసగా పరిశీలించాలి.

గంజాం నేలకు ముక్కలు కొత్తవి కావు

పేకముక్క ఈ ప్రాంతానికి పరాయి వస్తువు కాదు. పర్షియా దేశపు గంజీఫా ఆట మొగలుల కాలంలో భారతదేశమంతటా వ్యాపించింది. బాబరు చక్రవర్తి తన ఆత్మకథలో 1527లో సింధు ప్రాంతానికి ఈ ముక్కలను పంపిన సంగతి రాసుకున్నాడు. అదే ఆట ఒడిశాలో ‘గంజపా’ అయింది. గుడ్డపై చింతగింజల జిగురు, సుద్ద పూసి, గుండ్రంగా కత్తిరించి, చిత్రకారులు బొమ్మలు వేసి, లక్కతో మెరుగుపెట్టిన ముక్కలవి. ఎనిమిది రంగుల కట్టలో 96 ముక్కలుంటాయి. పది రంగుల కట్టలో 120 ఉంటాయి. దశావతారాలను చిత్రించిన కట్టలు సుప్రసిద్ధమైనవి. పూరీ ప్రాంతంతోపాటు పర్లాకిమిడి వంటి దక్షిణ ఒడిశా పట్టణాలలోనూ పెద్దలు అరుగులమీద కూర్చుని గంజపా ఆడేవారు. పడిన ముక్కలన్నింటినీ జ్ఞాపకం పెట్టుకోగలిగినవారికే ఆ ఆటలో పైచేయి దక్కుతుంది.

కుమార పూర్ణిమ రాత్రి జాగరణ చేస్తూ గవ్వలు, పాచికలు, పేకముక్కలు ఆడడం ఒడిశా ఇళ్లలో ఆచారంగా వస్తున్నది. దీపావళినాడు ముక్క పట్టుకునే తెలుగు ఇళ్లూ ఉన్నాయి. ఇక పదమూడు ముక్కల రమ్మీ తెలియని తెలుగు ఊరు అరుదు. కనుక ఈ కుటుంబాలకు సమస్య ముక్కలతో వచ్చినది కాదు. ముక్క పక్కన పెట్టే సొమ్ముతో, ఆ సొమ్మును ఎవరు పోగుచేస్తున్నారన్న దానితో వచ్చినది.

ఆ సొమ్ములో వాటా తీసుకునేవారు కూడా పురాతనులే. కౌటిల్యుని అర్థశాస్త్రంలో ద్యూతాధ్యక్షుడనే అధికారి ప్రస్తావన ఉన్నది. జూదం ఒకేచోట, అధికారి కనుసన్నలలో జరగాలని, గెలిచిన సొమ్ములో నూటికి అయిదు వంతులు ఖజానాకు చెందాలని అందులో విధించారు. ఆడేవారిలో ఒకరు గెలుస్తారు, ఒకరు ఓడుతారు. ఆట నడిపించేవారికి మాత్రం ప్రతి ఆటలోనూ రాబడే. నేటి పోకర్ పండుగను అర్థం చేసుకోవడానికి ఈ పాత సూత్రమే తాళంచెవి.

పోకర్ అంటే ఏమిటి?

నేటి పోటీలలో అధికంగా ఆడేది ‘టెక్సాస్ హోల్డెమ్’ అనే పోకర్ పద్ధతి. జోకర్లు లేని 52 ముక్కల కట్టతో ఆడతారు. ప్రతి ఆటగాడికి రెండేసి ముక్కలు మూసి పంచుతారు. తరువాత బల్ల మధ్యలో అందరికీ ఉమ్మడిగా మొదట మూడు, పిదప ఒకటి, చివరగా మరొకటి, మొత్తం అయిదు ముక్కలు తెరుస్తారు. చేతిలోని రెండు, బల్లమీది అయిదు కలిపి ఏడింటిలో ఉత్తమమైన అయిదు ముక్కల కూర్పు ఎవరిదైతే వారు గెలుస్తారు. ఒక జత కన్నా రెండు జతలు గొప్ప. వాటికన్నా ఒకే సంఖ్యగల మూడు ముక్కలు గొప్ప. ఆపైన అయిదు ముక్కల వరుస, ఆపైన ఒకే గుర్తుగల అయిదు ముక్కలు, ఆపైన మూడు ముక్కలూ ఒక జతా కలిసిన కూర్పు, ఆపైన ఒకే సంఖ్యగల నాలుగు ముక్కలు, అన్నిటికీ మించి ఒకే గుర్తులో వరుసగా వచ్చిన అయిదు ముక్కలు.

మూడు ముక్కలాట తెలిసినవారికి ఇందులోని పందెపు తీరు పరిచయంగానే తోస్తుంది. ముక్కలు తెరిచే ప్రతి దశలో పందెం పెంచవచ్చు, సరిపెట్టవచ్చు, లేదా ముక్కలు పడేసి తప్పుకోవచ్చు. చేతిలో ఏమీ లేకపోయినా పెద్ద పందెం వేసి ఎదుటివారిని బెదరగొట్టి తప్పించవచ్చు. రమ్మీలో ఎదుటివారు పడేసిన ముక్కను బట్టి వారి చేతిని ఊహించినట్లే, ఇక్కడ వారు వేసిన పందెపు మొత్తాన్ని బట్టి ఊహించాలి. సంభావ్యత లెక్క, ఓర్పు, ఎదుటివారి స్వభావాన్ని చదవడం, తన తొందరను తాను అదుపు చేసుకోవడం ఇందులోని విద్యలు. ఈ ఆటలో నైపుణ్యం ఉన్నదనే మాట కల్పన కాదు.

అదృష్టం ఉన్నదనే మాట కూడా కల్పన కాదు. చేతికి రెండు ఆసులు రావడం పోకర్‌లో అన్నిటికన్నా మంచి ఆరంభం. అది సగటున 221 పంపకాలకు ఒకసారి వస్తుంది. ఆ రెండు ఆసులతో, రెండు రాజులున్న ఎదుటివానిపై ఉన్నదంతా ఒడ్డితే గెలిచే అవకాశం నూటికి సుమారు 82. అంటే అత్యుత్తమమైన చేతితో, ఏ తప్పూ చేయకుండా ఆడినవాడు కూడా అయిదారుసార్లలో ఒకసారి సర్వమూ కోల్పోతాడు. అటువంటి అయిదు సందర్భాలను వరుసగా దాటి నిలిచే అవకాశం నూటికి సుమారు 37 మాత్రమే. విద్య గెలుపు అవకాశాన్ని పెంచుతుంది. గెలుపుకు హామీ ఇవ్వదు.

పోటీల పండుగ ఎట్లా నడుస్తుంది?

సాధారణ పేకాటలో ఎంత సొమ్ము పోతుందో ఆట ముగిసేదాకా తెలియదు. పోటీలో పద్ధతి వేరు. ఆటగాడు ముందుగా ప్రవేశ రుసుము చెల్లిస్తాడు. అందరికీ సమాన సంఖ్యలో బిళ్ళలు ఇస్తారు. ఆ బిళ్ళలకు బయట విలువ లేదు, వాటిని మధ్యలో సొమ్ముగా మార్చుకునే వీలూ లేదు. బిళ్ళలు అయిపోయినవాడు లేచిపోవాలి. చివరకు బిళ్ళలన్నీ ఒక్కరి దగ్గరకు చేరేదాకా ఆట సాగుతుంది. ఎంత ఆలస్యంగా లేచిపోతే అంత పెద్ద బహుమతి. ఈ ఏర్పాటు వలన ఒక్క పోటీలో నష్టం ప్రవేశ రుసుమును మించదు. పోటీ పద్ధతిలో మెచ్చుకోదగినది ఇదే.

అయితే ఇందులో మూడు మెలికలున్నాయి. మొదటిది, ప్రతి పంపకానికీ ఇద్దరు ఆటగాళ్లు ముక్కలు చూడకముందే వేయవలసిన నిర్బంధ పందెం. దీనిని ‘బ్లైండ్’ అంటారు. ఇరవై, ముప్పై నిమిషాలకొకసారి ఈ మొత్తం పెరుగుతూ పోతుంది. పోటీ నిర్ణీత కాలంలో ముగియడానికి ఇది అవసరం. కాని దీనివలన మంచి ముక్కలకోసం ఓర్పుగా వేచి ఉండేవాని బిళ్ళలు కరిగిపోతాయి. పోటీ చివరకు వచ్చేకొద్దీ అతడు మధ్యరకపు ముక్కలతోనే ఉన్నదంతా ఒడ్డవలసిన స్థితి వస్తుంది. బహుమతులు పెద్దవయ్యే సమయానికే అదృష్టం పాలు కూడా పెద్దదవుతుంది.

రెండవ మెలిక మళ్లీ ప్రవేశం. కొన్ని పోటీలలో బిళ్ళలు పోగొట్టుకున్నవాడు తిరిగి రుసుము కట్టి కూర్చోవచ్చు. నష్టం రుసుముతో ఆగిపోతుందన్న మేలు ఇక్కడ చెల్లిపోతుంది. ఓడిన ఉక్రోషంలో ఒక్క సాయంకాలమే మూడుసార్లు కట్టిన రుసుము, నిర్వాహకుల దృష్టిలో ముగ్గురు పోటీదారుల రుసుముతో సమానం.

మూడవది, పండుగలోని అనుబంధ ఆటలు. ప్రధాన పోటీ చుట్టూ చిన్న పోటీలు, ప్రధాన పోటీకి ప్రవేశం సంపాదించే అర్హత పోటీలు, నేరుగా సొమ్ముతో ఆడే బల్లలు ఉంటాయి. ప్రధాన పోటీలో మొదటి గంటలోనే ఓడిన ఔత్సాహికుడు తిరుగు రైలు వచ్చేవరకు ఖాళీగా కూర్చోడు. అతని సంచిలోని మిగిలిన సొమ్ము ఆ బల్లలకే దారితీస్తుంది.

లెక్క వేసి చూస్తే

ఒక ఊహా పోటీని తీసుకుందాం. 200 మంది ఒక్కొక్కరు రూ. 5,500 చొప్పున కట్టారనుకుంటే మొత్తం వసూలు రూ. 11 లక్షలు. అందులో తలకు రూ. 500 నిర్వాహకుల రుసుము. మిగిలిన రూ. 10 లక్షలు బహుమతులకు పోతాయి. పోకర్ పోటీలలో సాధారణంగా నూటికి పది నుంచి పదిహేను మందికే బహుమతులు దక్కుతాయి. నూటికి పదిహేను అనుకున్నా 30 మందికి ఏదో ఒక మొత్తం వస్తుంది. 170 మంది వట్టిచేతులతో వెనుదిరుగుతారు. మొదటి బహుమతి రూ. 2 లక్షలు ఉంటే, చివరి బహుమతి రుసుముకు రెట్టింపు ఉంటే గొప్ప.

ఆటగాళ్లందరి నేర్పు సమానమైతే ఒక్కొక్కరికి సగటున తిరిగివచ్చేది రూ. 5,000. అంటే ప్రతి పోటీకి రూ. 500 నష్టం. ఇంతవరకు లెక్క సులభం. ఇప్పుడు ఇతరులకన్నా సగం అధికంగా, అంటే సగటుకు ఒకటిన్నర రెట్లు సంపాదించగల నేర్పరిని ఊహిద్దాం. అనేక పోటీల మీద అతనికి పోటీకి సగటున రూ. 7,500 వస్తుంది. రూ. 5,500 కట్టి రూ. 7,500 తెచ్చుకున్నాడు గనుక లాభపడ్డాడనిపిస్తుంది.

ఇక్కడే ఆదాయపు పన్ను ప్రవేశిస్తుంది. పేకాట గెలుపుపై నూటికి 30 వంతుల పన్ను, దానిపై నూటికి నాలుగు వంతుల సెస్సు, కలిపి 31.2 శాతం. ఈ గెలుపునుంచి ఆటకోసం పెట్టిన ఖర్చును తీసివేయడానికి చట్టం ఒప్పుకోదు. ఇతర ఆదాయం లేని పేదవాడికి కూడా ఈ సొమ్ముపై కనీస మినహాయింపు వర్తించదు. కనుక రూ. 7,500లో రూ. 2,340 పన్నుకు పోగా మిగిలేది రూ. 5,160. కట్టిన రుసుము రూ. 5,500. సగటు ఆటగాడికన్నా ఒకటిన్నర రెట్లు నేర్పరి అయినవాడు కూడా పోటీకి రూ. 340 నష్టపోయాడు. బరంపురంనుంచి ఆ పోటీ ఊరికి రైలు చార్జీ, బస, భోజనం ఈ లెక్కలో చేర్చనేలేదు. పోగొట్టుకున్న పనిదినాల కూలి అంతకన్నా చేర్చలేదు.

విద్యను ఒప్పుకున్న తరువాత కూడా లెక్క ఇట్లా తేలుతున్నది. సరిహద్దు కుటుంబాలు గమనించవలసిన ముఖ్యాంశం ఇదే. ‘ఇది నైపుణ్య క్రీడ’ అన్న మాట నిజమైనంత మాత్రాన ‘ఇందులో బ్రతుకుతెరువు ఉన్నది’ అన్న మాట నిజం కాజాలదు.

ఒక్కడి గెలుపు, వేలమంది రుసుము

ఔత్సాహికులను ఈ పోటీలవైపు లాగిన కథ ఒకటున్నది. అమెరికాలోని లాస్ వేగాస్ నగరంలో ‘వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్’ 1970లో ఆరంభమైంది. దాని ప్రధాన పోటీకి ప్రవేశ రుసుము పదివేల డాలర్లు. 2003లో టెనెసీ రాష్ట్రానికి చెందిన క్రిస్ మనీమేకర్ అనే గణకుడు చిన్న రుసుముతో ఆన్‌లైన్ అర్హత పోటీలో నెగ్గి ఆ ప్రధాన పోటీలో కూర్చున్నాడు. 839 మందిలో ప్రథముడై 25 లక్షల డాలర్లు గెలిచాడు. వృత్తి ఆటగాళ్లను ఒక సామాన్య ఉద్యోగి ఓడించాడన్న వార్త ప్రపంచమంతా పాకింది.

మరుసటి సంవత్సరం, 2004లో, ఆ పోటీకి 2,576 మంది వచ్చారు. 2006 నాటికి 8,773 మంది అయ్యారు. 2024లో ఆ సంఖ్య 10,112కు చేరింది. ప్రతి సంవత్సరమూ విజేత ఒక్కడే. మొదటి కథ విని వచ్చినవారిలో అత్యధికులు రుసుము కట్టి బహుమతి లేకుండా ఇంటికి వెళ్లినవారే. గెలిచినవాని ముఖచిత్రం పత్రికలలో వస్తుంది. ఓడినవారి పద్దు వారి ఇళ్లలోనే ఉంటుంది. లాటరీ టిక్కెట్ల కాలంనుంచి ఈ ప్రాంతపు ప్రజలకు ఈ తేడా అనుభవమే.

మహాభారతంలో ధర్మరాజు కథ అందరికీ తెలిసినదే. ఆ ధర్మరాజుకు అరణ్యవాసంలో చెప్పిన నలోపాఖ్యానం ఇక్కడ మరింత పనికివస్తుంది. పాచికల విద్య ఎరుగని నలుడు రాజ్యాన్ని ఓడిపోయాడు. ఋతుపర్ణుని వద్ద అక్షహృదయమనే విద్యను నేర్చి తిరిగి గెలుచుకున్నాడు. విద్యకు విలువ ఉన్నదని ఆ కథ అంగీకరిస్తుంది. అయితే ఆ విద్య చేతికి వచ్చేలోపల భార్య అడవిపాలైంది, పిల్లలు మాతామహుల ఇంటికి చేరారు. నేర్చుకునే కాలంలో అయ్యే నష్టాన్ని ఎప్పుడూ ఇంటివారే భరిస్తారు.

చట్టం ఏమంటున్నది?

పేకాటపై భారతదేశంలో తరచు ఉదహరించే తీర్పు తెలుగు నేలనుంచే వెళ్లింది. 1963లో సికింద్రాబాదులోని ఒక క్లబ్బుపై పోలీసులు దాడిచేసి రమ్మీ ఆడుతున్నవారిని పట్టుకున్నారు. ఆ వ్యాజ్యం ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, కె. సత్యనారాయణ కేసుగా సుప్రీంకోర్టుకు చేరింది. 1967 నవంబరులో తీర్పు వెలువడింది. మూడు ముక్కలాట పూర్తిగా అదృష్టంపై నడిచేదని, రమ్మీలో పడిన ముక్కలను జ్ఞాపకం పెట్టుకోవాలి గనుక, ఏది ఉంచుకోవాలో ఏది పడేయాలో తెలియాలి గనుక అందులో నైపుణ్యానిదే ప్రాధాన్యమని న్యాయస్థానం నిర్ణయించింది. అయితే ఆట పెట్టించేవాడు దానినుంచి లాభం గుంజుతున్నట్లు రుజువైతే అది నేరం కావచ్చునని కూడా హెచ్చరించింది. ఈ రెండవ భాగాన్ని ప్రకటనలలో ఎవరూ చెప్పరు.

పోకర్ విషయంలో న్యాయస్థానాలు ఏకాభిప్రాయానికి రాలేదు. పశ్చిమ బెంగాల్ 1957 నాటి చట్టం బ్రిడ్జి, రమ్మీలతోపాటు పోకర్‌ను కూడా జూదం నిర్వచనంనుంచి తప్పించింది. గుజరాత్ హైకోర్టు 2017లో పోకర్‌ను జూదంగానే పరిగణించింది. అలహాబాద్ హైకోర్టు 2024లో పోకర్, రమ్మీలను నైపుణ్య క్రీడలుగా చూసింది.

సరిహద్దు గ్రామాలవారికి ముఖ్యమైన తేడా మరొకటి. ఒడిశాలో 1955 నాటి జూద నిరోధక చట్టం అమలులో ఉన్నది. సొమ్ము ఒడ్డి ఆడే ఆటను అది జూదంగా నిర్వచిస్తుంది. ఇతర రాష్ట్రాల చట్టాలలో కనిపించే ‘నైపుణ్య క్రీడలకు ఈ చట్టం వర్తించదు’ అనే మినహాయింపు వాక్యం అందులో లేదు. కనుక సికింద్రాబాదు తీర్పును నమ్ముకుని పురుషోత్తంపూర్‌లోనో, చత్రపురంలోనో సొమ్ము పెట్టి పోటీ నడిపేవాడు పొరబడినట్లే. ఇటు ఇచ్ఛాపురం దాటి ఆంధ్రప్రదేశ్‌లో అడుగుపెడితే 1974 నాటి గేమింగ్ చట్టం ఎదురవుతుంది. 2020లో దానిని సవరించి ఆన్‌లైన్ పందెపు ఆటలను నిషేధ పరిధిలోకి తెచ్చారు. తెలంగాణ అదే పనిని 2017లోనే చేసింది. ఒకే వంశపు అన్నదమ్ములు సరిహద్దుకు చెరోవైపు ఉంటే ఒకే ఆటకు రెండు చట్టాలు.

అందువలననే పెద్ద పోకర్ పండుగలకు గోవా వేదిక అయింది. 1976 నాటి గోవా జూద చట్టానికి 1990లలో చేసిన సవరణలు పెద్ద హోటళ్లలోను, నదిలోని నౌకలలోను కాసినోలకు దారి తెరిచాయి. పనాజీవద్ద మాండవి నదిలో ఆ నౌకలు నిలిచి ఉంటాయి. విశేషమేమంటే, గోవా ప్రభుత్వం 2020 ఫిబ్రవరి నుంచి తన సొంత రాష్ట్ర ప్రజలు కాసినోలలో ఆడడాన్ని నిషేధించింది. తన ప్రజలకు వద్దనుకున్నదానిని బయటివారికి అనుమతించిన ఆ నిర్ణయంలోనే బయటినుంచి వెళ్లేవారికి కావలసిన పాఠం ఉన్నది.

చేతిలోని తెరమీద ఆట

గోవా వెళ్లే స్తోమతు లేనివారికి ఆట చేతిలోని ఫోనులోకే వచ్చింది. 2010 తరువాతి దశాబ్దంలో రమ్మీ, పోకర్ యాప్‌లు సినీ తారల ప్రకటనలతో ప్రతి పల్లెకూ చేరాయి. సూరత్, హైదరాబాదులకు వలస వెళ్లిన గంజాం కార్మికుని ఫోనులోనూ, ఇంటి దగ్గర డిగ్రీ చదివే కుమారుని ఫోనులోనూ ఒకే ఆట. బల్లమీద గంటకు పాతిక, ముప్పై పంపకాలు జరిగితే తెరమీద అంతకు రెట్టింపు జరుగుతాయి. ఒకేసారి నాలుగు బల్లలు కూడా తెరవవచ్చు. ఎదురుగా నోటు కదలదు గనుక ఎంత పోయిందో కంటికి కనిపించదు. ఇంటివారికి తెలిసేసరికి అప్పు పెరిగి ఉంటుంది.

ఈ పరిస్థితిలో పార్లమెంటు 2025 ఆగస్టులో ఆన్‌లైన్ గేమింగ్ చట్టాన్ని ఆమోదించింది. ఆగస్టు 22న రాష్ట్రపతి సమ్మతి లభించింది. సొమ్ముతో ఆడే ఆన్‌లైన్ ఆట నైపుణ్యానిదా, అదృష్టానిదా అన్న భేదం చూడకుండా ఈ చట్టం దానిని నిషేధిస్తుంది. అట్టి ఆటను అందించేవారికి మూడేళ్లవరకు జైలు, కోటి రూపాయలవరకు జరిమానా. ప్రకటనలు ఇచ్చేవారికి రెండేళ్లవరకు జైలు, 50 లక్షలవరకు జరిమానా విధించవచ్చు. ఆడినవారిని శిక్షించే నిబంధన అందులో లేదు; వారిని బాధితులుగానే చూశారు. చట్టం వచ్చిన వెంటనే ప్రధాన సంస్థలు సొమ్ము ఆటలను నిలిపివేశాయి. దీనిని ప్రశ్నిస్తూ ఆ సంస్థలు న్యాయస్థానాలకు వెళ్లాయి.

పేరున్న యాప్‌లు మూతపడితే ఆశ మూతపడదు. విదేశాలనుంచి నడిచే యాప్‌లు, తెలియని గుంపులలో వచ్చే ఆహ్వానాలు, ‘ముందు కొంత కట్టండి, చాంపియన్‌షిప్‌లో స్థానం ఖాయం’ అనే కబుర్లు ఇప్పుడు మరింత ప్రమాదకరం. అక్కడ గెలిచినా సొమ్ము చేతికి వస్తుందన్న భరోసా లేదు. ఫిర్యాదు చేయడానికి ఎదుటివాని చిరునామా లేదు. ఇట్లా మోసపోయినవారు ఆలస్యం చేయకుండా 1930 సంఖ్యకు తెలపాలి. తొలి గంటలలో తెలిపితే సొమ్మును నిలిపివేసే అవకాశం అధికం.

సొమ్ము లేని పోటీలూ ఉన్నాయి

ముక్కలలో నిజంగా ప్రతిభ ఉన్న కుర్రవాడికి మార్గం లేకపోలేదు. బ్రిడ్జి అనే పేకాటలో ఒకే పంపకాన్ని అన్ని బల్లలమీదా ఆడిస్తారు. అందరికీ అవే ముక్కలు వస్తాయి గనుక ముక్కల అదృష్టం చాలవరకు తొలగి, ఎవరు బాగా ఆడారన్నదే లెక్కకు వస్తుంది. 2018 జకార్తా ఆసియా క్రీడలలో బ్రిడ్జిని తొలిసారిగా చేర్చినప్పుడు బెంగాల్‌కు చెందిన ప్రణబ్ బర్ధన్, శిబ్‌నాథ్ సర్కార్ పురుషుల జంట విభాగంలో స్వర్ణ పతకం గెలిచారు. అప్పటికి ఒకరికి 60 ఏళ్లు, మరొకరికి 56. పేకముక్క పట్టి దేశానికి పతకం తేవచ్చునని, అందుకు ఎవరి ఇంటి సొమ్మూ పణంగా పెట్టనక్కరలేదని వారు రుజువుచేశారు. ఇదే పద్ధతిని పోకర్‌కు వర్తింపజేసి ‘మ్యాచ్ పోకర్’ అనే జట్టు ఆటను రూపొందించారు. దానికి 2009లో స్విట్జర్లండులోని లొసాన్‌లో అంతర్జాతీయ సమాఖ్య ఏర్పడింది. అక్కడ బిళ్ళలు గుణాంకాలు మాత్రమే.

ఇంటివారు చేయగలిగింది

ఇంటి యువకుడు పోటీకి వెళతానన్నప్పుడు తిట్టి పంపడం వలన అతడు చెప్పడం మానివేస్తాడు, ఆడడం మానడు. అతనితో కూర్చుని కాగితంమీద నాలుగు ప్రశ్నలకు జవాబు రాయించడం మేలు. ప్రవేశ రుసుము, ప్రయాణం, బస, పోయే కూలి కలిపి మొత్తం ఎంత? ఎంతమందికి బహుమతి ఉన్నది, పన్ను పోగా ఎంత మిగులుతుంది? ఓడితే మళ్లీ ప్రవేశం ఉన్నదా? ఆ సొమ్ము పూర్తిగా పోయినా ఇంట్లో ఏ ఖర్చూ ఆగదా? నాలుగవ ప్రశ్నకు జవాబు తడబడితే ప్రయాణం అక్కడితో ఆపాలి. అప్పు తెచ్చిన సొమ్ము, విత్తనాలకు దాచిన సొమ్ము, స్వయం సహాయక సంఘంలో తల్లి పేర తీసుకున్న రుణం ఏ నైపుణ్య క్రీడకూ పెట్టుబడి కారాదు.

కొన్ని లక్షణాలను ముందే గుర్తించాలి. పోయినదానిని రాబట్టుకోవాలనే పట్టుదలతో మళ్లీ మళ్లీ ఆడడం, ఎంత పోయిందో దాచడం, చిన్న చిన్న అప్పులు పలుచోట్ల చేయడం, రాత్రులు నిద్రపోకపోవడం, మాటకు ముందే కోపం రావడం వాటిలో ముఖ్యమైనవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల పట్టికలో జూద వ్యసనాన్ని మానసిక రుగ్మతగా చేర్చింది. కనుక ఇది సిగ్గుపడి దాచవలసిన విషయం కాదు, చికిత్స చేయించవలసిన విషయం. 2022 అక్టోబరులో ఆరంభమైన టెలి మానస్ సేవకు 14416 సంఖ్యలో ఏ వేళనైనా ఉచితంగా మాట్లాడవచ్చు. బరంపురంలోని ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉన్నది.

కుమార పూర్ణిమనాడు గవ్వలు మోగుతాయి. దీపావళికి అరుగుమీద ముక్కలు పంచుకుంటారు. తాత జ్ఞాపకశక్తిని చూసి మనుమడు ఆశ్చర్యపోతాడు. ఓడినవాడు అందరికీ పకోడీలు తెప్పించాలన్న పందెంతో నవ్వులు పూస్తాయి. మరునాటి ఉదయం ఆ ఇంటి పొయ్యి యథావిధిగా వెలుగుతుంది. జౌగడ శిలమీద అశోకుడు మంచివన్న సమాజాలు ఏవో రాయలేదు గాని, మరునాడు పొయ్యి వెలిగే ఇంటి ఆటను ఆయనైనా కాదని ఉండడు.